పైసా పెట్టకుండా కార్డు గేమ్: ఏది ఎక్కించుకోవాలి, ఏ డెక్ కట్టుకోవాలి

మా అక్క కర్నూలు నుంచి ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా, "ఏమిరా, వీడు సెల్లులో పేకాట ఆడుతాండాడు. నువ్వే నేర్పించినావంట?" అంది. వీడంటే నా మేనల్లుడు. కడపలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవుకు ఇంటికొచ్చి మంచం మీద పడుకుని ఫోన్లో కార్డులు లాగుతుంటే అక్క కంట్లో పడ్డాడు. మన సీమలో కార్డులన్న మాట వినపడితే చాలు, తోటలో చాప, చాప మధ్యలో నోట్లు, గట్టు మీద ఒకడు కాపలా, అదే గుర్తొస్తుంది. ఆమె భయం ఆమెది.

అక్కకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. రమ్మీ, పోకర్ లాంటి పందెం ఆటలను మన రాష్ట్రంలో ఆన్‌లైన్లో 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి, డబ్బు పెట్టి డబ్బు కోసం ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా ఆపేసింది. వాడు ఆడుతున్న హర్త్‌స్టోన్ అనే కార్డు గేమ్ ఆ కోవలోది కాదు. గెలిస్తే రూపాయి రాదు, ఓడితే రూపాయి పోదు. డబ్బు పోయే దారి ఒక్కటే ఉంది, కార్డుల ప్యాకులు కొనుక్కోవడం. అది ఆట లోపలే, ఎర్ర బొత్తాంతో, తగ్గింపు ధరతో రోజూ పిలుస్తూనే ఉంటుంది. కాబట్టి మొదటి పని, ఆట ఎక్కించకముందే, ఫోన్ స్టోర్ సెట్టింగుల్లోకి పోయి ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. ఇంట్లో పిల్లలుంటే ఆ పాస్‌వర్డ్ అమ్మ దగ్గర ఉండాలి. మేనమామ దగ్గర కాదు.

నాకు అనంతపురంలో జిరాక్స్ షాపు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగలు తోలుకోవడమే. ఆ రెండు గంటల్లో 2016 నుంచి ఇవన్నీ ఆడాను, ఇంతవరకు పైసా పెట్టలేదు. పెట్టకపోవడం వల్లే కొన్ని సంగతులు తెలిశాయి.

ఏ గేమ్ బాగుంటుందని చాలామంది అడుగుతారు. బొమ్మలు అన్నిట్లోనూ బాగుంటాయి. ఉచితంగా ఆడేవాడు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది: నేను తెలియక తప్పు చేస్తే, ఆ తప్పును దిద్దుకోవడానికి ఈ ఆటలో ఎన్ని రోజులు పడుతుంది? డబ్బున్నోడు ఇంకో పది ప్యాకులు కొని దిద్దుకుంటాడు. మనం దిద్దుకోవాల్సింది మన రోజులతో.

నా తప్పు చెబుతాను. హర్త్‌స్టోన్‌లో వద్దనుకున్న కార్డును పగలగొడితే డస్ట్ వస్తుంది, ఆ డస్ట్‌తో కావాల్సిన కార్డు చేసుకోవచ్చు. మామూలు కార్డు చేయడానికి 40, పగలగొడితే వచ్చేది 5. అంతకంటే అరుదైన రేర్‌కు 100, తిరిగొచ్చేది 20. ఎపిక్‌కు 400, తిరిగొచ్చేది 100. అన్నిటికంటే అరుదైన లెజెండరీకి 1600, తిరిగొచ్చేది 400. లెక్క చూడండి: ఒక్క లెజెండరీ కోసం మామూలు కార్డులు 320 పగలగొట్టాలి. నేను పగలగొట్టాను. డెత్‌వింగ్ అని ఒక డ్రాగన్ ఉంది. దించడానికి పది మానా, అంటే టర్న్ టర్న్‌కూ వచ్చే ఖర్చు పాయింట్లు, కావాలి. 12/12, అంటే దెబ్బ 12, ప్రాణం 12. బల్ల మీదికి వస్తూనే మిగతా ప్రాణులన్నిటినీ చంపేస్తుంది, దాంతోపాటు నా చేతిలో మిగిలిన కార్డులన్నీ పారేస్తుంది. ఆ రెండో ముక్క నేను సరిగా చదవలేదు. దానికోసం మిగతా క్లాసుల, అంటే నేను ఆడని వీరుల రకాల, కార్డులన్నీ పిండి చేసేశాను. పదో టర్న్ దాకా బతికితే కదా డ్రాగన్ వచ్చేది! మా నాయనకు ఈ ఆట తెలిసుంటే, విత్తనం కాయలు వేయించుకుని తిన్నావు కదరా అని తిట్టేవాడు. సరిగ్గా అదే పని.

ఆ ఆదివారం కర్నూలు పోయాను. రాజ్‌విహార్ దగ్గర ఉగ్గాని, బజ్జి తెప్పించుకుని, నేనూ వాడూ నాలుగు ఆటలనూ ఈ తప్పుల తూకంలో వేసి చూశాం.

హర్త్‌స్టోన్ 2014లో వచ్చింది. డెక్‌లో, అంటే ఆటకు ముందే మనం ఏర్చి కట్టుకునే కట్టలో, 30 కార్డులు, ఒకే కార్డు రెండుకు మించకూడదు, లెజెండరీ అయితే ఒక్కటే. మానా దానంతటదే టర్న్‌కు ఒకటి చొప్పున పదిదాకా పెరుగుతుంది. అవతలివాడి టర్న్‌లో మనం చేయాల్సింది ఏమీ లేదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, సిగ్నల్ వచ్చీ పోయే ఫోన్‌కు పెద్ద ఊరట. కొత్తవాళ్లకు కొన్ని డెక్‌లు కొన్నాళ్లు అరువుకిచ్చి, చివర్లో ఒకటి ఉంచుకోమంటుంది. కోర్ సెట్ అని ఒక మూట ఉచితం, వాటిని పగలగొట్టడం కుదరదు కాబట్టి నాలాంటోడు కూడా పాడుచేయలేడు. ఎపిక్, లెజెండరీల్లో తప్పు చేస్తే నాలుగో వంతు వెనక్కి వస్తుంది. అంటే నష్టం ఉంది, కానీ నిలువునా మునగం. ఒక జాగ్రత్త: అమెరికా, యూరప్, ఆసియా అని మూడు రీజియన్లు ఉంటాయి, ఒకదాంట్లో సంపాదించిన కార్డులు ఇంకోదాంట్లో కనిపించవు. మొదటి రోజే ఒకటి చూసుకుని అక్కడే ఉండండి.

మ్యాజిక్ అరీనా వేరే లోకం. అసలు మ్యాజిక్ కాగితం కార్డులతో 1993లో పుట్టింది. అరీనా దాని ఫోన్, కంప్యూటర్ రూపం. డెక్‌లో కనీసం 60 కార్డులు, ఒకే కార్డు నాలుగు దాకా. ఇక్కడ మానా దానంతటదే రాదు. ల్యాండ్ అనే కార్డులు డెక్‌లోనే కలుపుకోవాలి, అవి చేతికొస్తేనే మిగతావి వేయగలం. మామూలుగా 60లో 24 ల్యాండ్‌లు పెడతారు. లెక్క కడితే మొదటి ఏడు కార్డుల్లో రెండు నుంచి నాలుగు ల్యాండ్‌లు వచ్చే అవకాశం సుమారు 77 శాతం. మిగిలిన సార్లు? చేతినిండా కార్డులుండి ఒక్కటీ వేయలేక చూస్తూ కూర్చోవడమో, చేతినిండా ల్యాండ్‌లుండి వేయడానికి ఏమీ లేకపోవడమో. బోరు వేసినోడికి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక్క గేమ్‌తో తేలిపోయే పోటీల్లో మాత్రం అరీనా మొదటి చేతిని కాస్త సర్ది ఇస్తుంది. అదొక దయ.

అరీనాలో డస్ట్ లేదు. వైల్డ్‌కార్డ్‌లు ఉంటాయి. రేర్ వైల్డ్‌కార్డ్ ఒకటి ఇస్తే మీకు నచ్చిన రేర్ కార్డు ఒకటి. ఇచ్చింది ఇచ్చినట్టే, వెనక్కి రాదు. నా తూకంలో అందుకే ఇది బరువైన ఆట. కానీ ఆట లోతు చూస్తే నాలుగింట్లోకీ ఇదే గొప్పదని నేను ఒప్పుకుంటాను. ఇందులో కార్డులు రంగులవారీగా ఉంటాయి. మొదట్లో నేర్పుతూ నేర్పుతూనే ఒక్కో రంగు డెక్‌లు, తర్వాత రెండు రంగులవి, చాలానే ఉచితంగా ఇస్తుంది. ప్యాకు ధర ఆటలో సంపాదించే బంగారం 1000, ఆట ఇచ్చే రోజు పనికి 500 లేదా 750 వస్తుంది. మూడు పనులు దాకా పోగుపడతాయి కాబట్టి రోజూ తెరవక్కర్లేదు, మూడు రోజులకొకసారి కూర్చున్నా పెద్ద నష్టం లేదు. హాస్టల్ పరీక్షలప్పుడు ఇది మంచి గుణం.

మార్వెల్ స్నాప్ 2022లో వచ్చింది. డెక్‌లో 12 కార్డులే, ఒక్కోటి ఒక్కటే. ఆరు టర్న్‌లు, మూడు చోట్లు, రెండు చోట్ల బలం ఎక్కువున్నోడు గెలుస్తాడు. ఇద్దరూ ఒకేసారి వేస్తారు కాబట్టి ఎదురుచూపు తక్కువ. మూడు నాలుగు నిమిషాల్లో ఆట ముగుస్తుంది. మొదట్లో వచ్చే కార్డులు అందరికీ ఇంచుమించు అవే. కార్డును అప్‌గ్రేడ్ చేస్తే బొమ్మ మెరుస్తుంది తప్ప బలం పెరగదు. అంటే డబ్బున్నోడి హల్క్‌కూ, మన హల్క్‌కూ బలం ఒకటే. ఏ కార్డు అప్‌గ్రేడ్ చేసినా ముందుకే పోతాం కాబట్టి కొత్తవాడు తప్పు చేద్దామన్నా పెద్దగా చేయలేడు. చిక్కు తర్వాత వస్తుంది, నెలలు గడిచాక. కొత్త కార్డులు ఒక్కొక్కటే, నింపాదిగా వస్తాయి. అవతలివాళ్ల దగ్గర మనం పేరు కూడా వినని కార్డులుంటాయి.

పోకెమాన్ పాకెట్ గురించి ఎక్కువ చెప్పను. 2024 అక్టోబర్ 30న వచ్చింది, 20 కార్డుల డెక్, మూడు పాయింట్లు కొట్టినోడు గెలుపు. పన్నెండు గంటలకొక ప్యాకు ఉచితం. ప్యాకు చించడంలో ఉండే సరదా ఆడటంలో ఉండదని నా అభిప్రాయం. చాలా ఆటలు బొమ్మా బొరుసా మీద తేలిపోతాయి. పదో తరగతి పిల్లలకైతే ఇదే ముందు చెబుతాను. ఒకే రకం ప్యాకు మీద నిలబడి చించుతూ పోండి, రకానికొకటి చించితే ఏ డెక్కూ పూర్తికాదు. లెజెండ్స్ ఆఫ్ రూనెటెర్రా అని ఇంకోటుంది. 2024 నుంచి దాని తయారీదార్లు ఒంటరిగా ఆడే భాగం మీదే దృష్టి పెట్టారు. మనుషులతో పోటీ అంటే చిరాకు పడేవాళ్లకు అది బాగుంటుంది.

వీటిలో ఏదీ నెట్ లేకుండా నడవదు. హర్త్‌స్టోన్, అరీనా డౌన్‌లోడ్‌కే రోజు డేటా మొత్తం మింగేస్తాయి, కొత్త కార్డుల సెట్ వచ్చినప్పుడల్లా మళ్లీ మేత అడుగుతాయి. ఆ పని వైఫై ఉన్నచోట, రాత్రిపూట పెట్టుకోండి. ఫోన్ పాతదై, నాలుగు జీబీ ర్యామ్ లోపే ఉంటే అరీనా జోలికి వెళ్లొద్దు. నా పాత ఫోన్లో అరీనా తెరిస్తే వెనక బజ్జి పెట్టుకోవచ్చు, అంత కాలేది.

మా వాడు వారానికోసారి కడప నుంచి కర్నూలుకు బస్సులో వస్తాడు. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా నాలుగైదు గంటలు. ఊళ్ల మధ్యలో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. పది నిమిషాల ఆట మధ్యలో తెగితే ప్రాణం ఉసూరుమంటుంది, మూడు నిమిషాలది తెగితే పోనీలే అనిపిస్తుంది. బస్సుకైతే స్నాప్, ఇంటికైతే హర్త్‌స్టోన్, ఓపికున్నోడికి అరీనా. ఇది నా తీర్పు. రెండు ఒకేసారి మొదలుపెట్టొద్దు. రోజు పనులు రెండింట్లోనూ సగం సగం చేసి రెండింట్లోనూ బీదగా మిగులుతారు. వాడు హర్త్‌స్టోన్‌లో అప్పటికే నెల రోజులుగా ఉన్నాడు కాబట్టి అక్కడే ఉండమన్నాను.

ఇక డెక్. ఏ ఆటలోనైనా మూడు రకాలు కనిపిస్తాయి. మొదటి టర్న్ నుంచే చిన్న చిన్న ప్రాణులను దించి అవతలివాడి ప్రాణం మీదే దెబ్బలు కొట్టే దూకుడు డెక్, అగ్రో అంటారు. వచ్చిందల్లా చంపుకుంటూ, కాలం గడిపి, చివర్లో పెద్దవి దించే కంట్రోల్ డెక్. రెండు మూడు ప్రత్యేకమైన కార్డులు కలిస్తే ఒక్క దెబ్బతో గెలిచే కాంబో డెక్. వీడియోల్లో చూస్తే కాంబో అందంగా ఉంటుంది. ప్రతి కొత్తవాడూ దాని వెంటే పోతాడు.

ఉచితంగా ఆడేవాడి దగ్గర ఎప్పుడూ రెండు మూడు కార్డులు తక్కువే ఉంటాయి. అందుకని చూడాల్సింది, ఒక కార్డు లేకపోతే డెక్‌కు ఎంత పెద్ద గుంత పడుతుంది అని. మా ముందున్న ప్లేటునే చూపించి చెప్పాను. ఉగ్గానిలో కొత్తిమీర లేకపోతే ఎవరూ పట్టించుకోరు. పుట్నాల పొడి తక్కువైతే నాలుక్కు తెలుస్తుంది, అయినా తింటాం. బొరుగులే లేకపోతే? తిరగమోత పెట్టుకుని ఏం చేస్తాం? అగ్రో డెక్‌లో లేని కార్డు కొత్తిమీర, దాని బదులు అదే ఖర్చున్న ఇంకో కార్డు వేసుకోవచ్చు. కంట్రోల్‌లో లేనిది పుట్నాల పొడి. కాంబోలో లేనిది బొరుగులు.

డస్ట్ లెక్కలోనూ తేడా అంతే. ఊహకు ఒక అగ్రో డెక్ తీసుకోండి: 18 మామూలువి, 10 రేర్‌లు, 2 ఎపిక్‌లు. 720, 1000, 800, మొత్తం 2520. ఒక కంట్రోల్ డెక్: 7 మామూలువి, 10 రేర్‌లు, 8 ఎపిక్‌లు, 5 లెజెండరీలు. 280, 1000, 3200, 8000, మొత్తం 12,480. కోర్ సెట్‌లో ఉచితంగా వచ్చేవి తీసేస్తే రెండూ తగ్గుతాయి, కానీ మధ్యలో ఉన్న దూరం అట్లాగే ఉంటుంది.

స్నాప్‌లో కాంబో సంగతి ఇంకా తేలిగ్గా లెక్క కట్టొచ్చు. మొదట మూడు కార్డులు, తర్వాత టర్న్‌కొకటి, అంటే చివరికి 12లో 9 చూస్తాం. ఒక కార్డు చేతికొచ్చే అవకాశం 75 శాతం. రెండు కార్డులు కలవాలంటే 55కు పడిపోతుంది. మూడు కలవాలంటే 38. మూడు కార్డుల మీద ఆశ పెట్టుకున్న డెక్, అవి వస్తాయో రావో దగ్గరే ఐదింట మూడుసార్లు చతికిలబడుతుంది. అదే స్క్విరెల్ గర్ల్ లాంటి ఒక ఖర్చు కార్డులు అరడజను పెట్టి, కా-జార్‌ను, బ్లూ మార్వెల్‌ను పైన పెట్టుకోండి. కా-జార్ వస్తే ఒక ఖర్చు కార్డులన్నిటికీ బలం ఒకటి పెరుగుతుంది. రాకపోతే బ్లూ మార్వెల్ ఉంది. ఇద్దరూ రాకపోయినా చిన్నవి బల్ల మీద ఉన్నాయి. మూడూ తొలి దశలోనే దొరికే కార్డులు.

అరీనాలో అయితే ఒకే రంగు డెక్. నేనైతే ఎరుపు. కారణం రంగు మీద ప్రేమ కాదు, ల్యాండ్‌లు. రెండు రంగులు కలిపితే రెండింటికీ పనికొచ్చే ల్యాండ్‌లు కావాలి, వాటిలో మంచివి చాలావరకు రేర్. నాలుగు చొప్పున రెండు రకాలు పెట్టేసరికి ఎనిమిది రేర్ వైల్డ్‌కార్డ్‌లు నేల మీదే ఖర్చయిపోతాయి, ఇంకా విత్తనమే పడలేదు. ఒకే రంగుకు మామూలు ల్యాండ్‌లు చాలు, అవి ఎన్నైనా ఉచితం. ఎరుపులో పనికొచ్చే కార్డులు చాలా భాగం మామూలువి, వాటికి ఒక మెట్టు పైనుండే అన్‌కామన్‌లు. ఖర్చులు తక్కువ కాబట్టి 24 బదులు 20, 22 ల్యాండ్‌లతో నెట్టుకురావచ్చు.

ఇదంతా నోటితో చెబితే వాడికి ఎక్కలేదు. "మామా, నా డెక్ బాగానే ఉంది, కార్డులు వచ్చేది ల్యా" అన్నాడు. సెలవు చివర్లో అనంతపురం వచ్చినప్పుడు షాపులో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్ ఒక్కటే తిరుగుతోంది, మెషిన్లు పడుకున్నాయి. బైండింగ్‌లో కత్తిరించగా మిగిలిన కాగితం ముక్కలు తీసి 30 చీటీలు చేశాం. ఒక్కో చీటీ మీద ఒక్కో కార్డు ఖర్చు రాయమన్నాను, పేరు వద్దు, అంకె చాలు. జిరాక్స్ మెషిన్ అద్దం మీద ఖర్చుల వరసన నిలువుగా పేర్చాం. వాడి డెక్: ఒకటి ఖర్చువి 2, రెండువి 3, మూడువి 4, నాలుగువి 4, ఐదువి 5, ఆరువి 4, ఏడూ ఆ పైవి 8. కుడిపక్క గోడలా లేచింది. అద్దం అంచు దాటి రెండు చీటీలు కింద పడ్డాయి కూడా.

అప్పుడు ఇంకో లెక్క. మొదటి నాలుగు టర్న్‌ల మానా అంతా కలిపితే 1, 2, 3, 4, మొత్తం పది. పదో టర్న్ ఒక్కదాంట్లోనే పది ఉంటుంది. పదో టర్న్ కోసం ఎనిమిది కార్డులు దాచుకున్నోడు, మొదటి పదిని గాలికొదిలేస్తున్నాడు. ముందు ఆడేవాడికి మొదటి టర్న్ అయ్యేసరికి నాలుగు కార్డులు కనపడతాయి. డెక్‌లో ఒకటి ఖర్చువి ఎనిమిది ఉంటే, వాటిలో కనీసం ఒకటి ఆ నాలుగింట్లో ఉండే అవకాశం 73 శాతం. రెండే ఉంటే 25. మల్లిగన్‌లో, అంటే ఆట మొదట్లో వద్దనుకున్న కార్డులు మార్చుకునే చోట, మార్చుకుంటే రెండూ కాస్త పెరుగుతాయి గానీ ఆ అంతరం పోదు. "కార్డులు వచ్చేది ల్యా" అంటే అర్థం అది. లేనివి ఎట్ల వస్తాయి?

చీటీలు మార్చి మార్చి పేర్చాం. చివరికి తేలింది: ఒకటివి 8, రెండువి 10, మూడువి 6, నాలుగువి 4, ఐదువి 2. ఎడమపక్క ఎత్తుగా, కుడికి వాలుగా. ఆ చివరి రెండు ఎందుకని అడిగాడు. మన చేన్లలో వేరుశనగ సాళ్ల మధ్య కంది ఎందుకేస్తారని అడిగాను. కాయ నూరు రోజుల్లో చేతికొస్తుంది, వానలు మొహం చాటేస్తే రాదు. కంది నింపాదిగా నిలబడి తర్వాత ఏదో ఒకటి ఇస్తుంది. మొదటి దూకుడు ఆగిపోయినప్పుడు ఆటను ముగించడానికి ఆ రెండు. అంతకు మించి కంది వేస్తే అది కంది చేనవుతుంది.

కరెంటు వచ్చేలోపు ఒక ఆట ఆడాడు, నా ఫోన్ హాట్‌స్పాట్ మీద. మల్లిగన్ దగ్గరే మొదటి గొడవ. చేతిలో ఐదు ఖర్చు కార్డు ఒకటి, రెండు ఖర్చువి రెండు. ఐదును ఉంచుకుంటానన్నాడు, బాగుందంట. ఎంత బాగున్నా అది ఐదో టర్న్ దాకా చేతిలో బరువే, తీసెయ్యమన్నాను. అగ్రోలో మూడుకు మించిన ఖర్చున్న దేన్నైనా మల్లిగన్‌లో వదిలెయ్యాలి, ఈ ఒక్క అలవాటు వల్లే గెలుపులు పెరుగుతాయి. మూడో టర్న్‌లో అవతలివాడు 3/2 ప్రాణిని దించాడు, మా వాడి దగ్గర 2/1, 3/2 ఉన్నాయి. దాన్ని చంపుదామా, ఫేస్ కొడదామా, అంటే నేరుగా అవతలి ఆటగాడి ప్రాణం మీదే కొడదామా? వాడు ఫేస్ కొట్టాడు. అగ్రో అంటే కళ్లు మూసుకుని ఫేస్ కొట్టడమే అనుకుంటారు. 2/1తో వాడి 3/2ను చంపి, 3/2తో ఫేస్ కొట్టుంటే బల్ల మనదయ్యేది. చిన్నదిచ్చి పెద్దదాన్ని తీసుకోగలిగితే తీసుకో, లేదంటే ఫేస్. రెండు టర్న్‌ల్లో గెలుస్తావని లెక్క తేలినప్పుడు మాత్రం బల్ల వైపు చూడకు. ఆ ఆట ఓడిపోయాడు. తర్వాతిది గెలిచాడు. మధ్యలో ఒకాయన ఆధార్ జిరాక్స్‌కు వచ్చి, కరెంటు లేదంటే, చీటీలు చూసి "లాటరీ తీస్తాండారా?" అని అడిగి వెళ్లాడు.

స్నాప్ ఆడేవాళ్లకు గెలవడం కంటే వెనక్కి తగ్గడం ముందు నేర్చుకోమంటాను. అక్కడ లెక్క క్యూబుల్లో, అంటే ర్యాంకు పాయింట్లలో. స్నాప్ కొట్టడమంటే ఆ లెక్కను రెట్టింపు చేయడం. ఎవరూ స్నాప్ కొట్టకపోతే చివరిదాకా ఆడి ఓడినవాడికి రెండు పోతాయి, ముందే తప్పుకుంటే ఒకటి. ఒకరు స్నాప్ కొడితే చివర్లో నాలుగు, ఇద్దరూ కొడితే ఎనిమిది. అవతలివాడు కొట్టిన టర్న్‌లోనే తప్పుకుంటే పాత లెక్కే పోతుంది, పెరిగింది కాదు. కాబట్టి సగం ఆటలు ఓడినా, ఓడేవి ఒక్కటితో, గెలిచేవి నాలుగుతో అయితే పైకే పోతాం. పౌరుషానికి ఆరో టర్న్ దాకా కూర్చునే గుణం మన వైపు ఎక్కువ. దాన్ని బస్టాండులో వదిలేసి ఆడండి.

ఖర్చు విషయంలో నేను పాటించేవి చెబుతాను. మొదటి రెండు వారాలు ఏ కార్డూ చేయొద్దు, ఏదీ పగలగొట్టొద్దు. అరువు డెక్‌లు, ఉచిత డెక్‌లు తిప్పి తిప్పి ఆడండి. ఏ క్లాస్ చేతికి వాటంగా ఉందో అప్పటికి తెలుస్తుంది. హర్త్‌స్టోన్‌లో 100 బంగారానికి ఐదు కార్డుల ప్యాకు వస్తుంది, కొనేటప్పుడు కొత్త సెట్ మీదే పెట్టండి, ఎక్కువ కాలం చెల్లుతుంది. ఏడాదికోసారి వసంతకాలంలో పాత సెట్లు స్టాండర్డ్ అనే కొత్త కార్డుల పోటీ విభాగం నుంచి వెళ్లిపోతాయి. ఆ ముందు నెలల్లో పాత సెట్ లెజెండరీ చేయడమంటే, వచ్చే నెల ఇల్లు ఖాళీ చేస్తూ ఈ నెల సున్నం కొట్టించడం. డస్ట్ ఖర్చు పెట్టేటప్పుడు రేర్‌లతో మొదలుపెట్టండి, రెండు మూడు డెక్‌లలో పనికొచ్చేవి. లెజెండరీ ఆఖరున. దాని బొమ్మ చూసి కాదు, దాని ఖర్చు, అందులో రాసిన ప్రతి ముక్కా చదివి.

అన్ని క్లాసుల్లో తలా ఒక డెక్ కట్టుకోవాలనే కోరిక వస్తుంది. రెండో డెక్ మొదటిది పూర్తయ్యాకే. ఎవరైనా పైనుండే ఆటగాళ్ల డెక్ లిస్టు చూపిస్తే, అందులో లెజెండరీలు ఎన్ని అని చూడండి. మూడు దాటితే మెచ్చుకుని పక్కన పెట్టెయ్యండి.

అక్కకు ఈ లెక్కలేవీ చెప్పలేదు. పందెం లేదని, పాస్‌వర్డ్ నీదేనని చెప్పాను. "అయితే రాత్రి పన్నెండు దాకా ఎందుకు ఆడుతాండాడు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, నేనూ ఆడుతున్నా కాబట్టి.

మొన్న శుక్రవారం బస్సులోంచి మెసేజ్ పెట్టాడు: "మామా, 1600 అయినాయి. చేసేదా?" ఏ కార్డురా అని అడిగాను. ఫోటో పంపాడు. డ్రాగన్. ఖర్చెంత అని అడిగాను. ఆళ్లగడ్డ దాటి ఉంటాడు, ఇంకా ఒక్క టిక్కే పడి ఉంది.